ఎల్‌టీఓ-6 టేపుల మీద ఉన్న వీఎం బ్యాకప్‌లో ఒక్క ఎక్సెల్ ఫైలు కావాలి – ఎలా వెతకాలి?

విశాఖ_సర్వర్‌రూమ్ | సోమవారం, ఉదయం 10:42

అందరికీ నమస్కారం. మాది విశాఖలో ఒక మధ్యతరహా ఎగుమతుల కంపెనీ. 2018-19 ఆర్థిక సంవత్సరం జీఎస్టీ నోటీసు మీద అప్పీలు నడుస్తోంది. వచ్చే వారం హియరింగ్. ఆ ఏడాది స్టాక్ లెక్కలు సరిచూసిన ఎక్సెల్ షీటు ఒకటుండాలి. ఫైల్ సర్వర్‌లో ఇప్పుడది లేదు. అప్పట్లో తయారు చేసినాయన రిటైరయ్యారు.

మా దగ్గర ఉన్నవి చెబుతాను. అప్పటి వీఎంవేర్ సర్వర్లలో 14 వీఎంలు (వర్చువల్ మెషీన్లు) ఉండేవి. అన్నీ కలిపి ఒకే జాబ్‌లో వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో బ్యాకప్ అయ్యేవి. నెలాఖరున ఫుల్ బ్యాకప్ టేపు మీదికి వెళ్లేది. ఆ ఎల్‌టీఓ-6 టేపులన్నీ (ఎల్‌టీఓ రకం బ్యాకప్ టేపుల్లో ఆరో తరం) బీరువాలో లేబుళ్లతో సహా ఉన్నాయి. కానీ అప్పటి బ్యాకప్ సర్వర్ తుక్కుకి వెళ్లిపోయింది, దాని డేటాబేసూ పోయింది. ఇప్పుడున్నది కొత్త సర్వర్, కొత్త వెర్షన్ వీమ్, ఎల్‌టీఓ-8 డ్రైవ్.

టేపు పెట్టి ఫైలు పేరు కొట్టి వెతికే మార్గం ఏదైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.


టేప్‌లైబ్రరీ | సోమవారం, ఉదయం 11:15

తమ్ముడూ, వెతకడం సంగతి తర్వాత. ముందు ఆ టేపులను డ్రైవ్‌లో పెట్టకు. ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-6 టేపును చదవదు.

చాలామంది "రెండు తరాల వెనక టేపు చదువుతుంది" అన్న పాత సూత్రమే గుర్తుపెట్టుకుంటారు. అది ఎల్‌టీఓ-7 వరకే. ఎల్‌టీఓ-7 డ్రైవ్ 5, 6 తరాల టేపులు చదువుతుంది. ఎల్‌టీఓ-8లో హెడ్ టెక్నాలజీ మారింది, 8, 9 తరాల్లో ఒక్క తరం వెనక్కే. అంటే 8వ తరం డ్రైవ్ 7నీ 8నీ చదువుతుంది, 9వ తరం డ్రైవ్ 8నీ 9నీ చదువుతుంది. అంతే.

కాబట్టి నీకు ఎల్‌టీఓ-6 డ్రైవో, ఎల్‌టీఓ-7 డ్రైవో కావాలి. కొనక్కర్లేదు, అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. సెకండ్‌హ్యాండ్ సర్వర్ సామాను అమ్మేవాళ్ల దగ్గర కూడా దొరుకుతుంది. ఎక్కడినుంచి తెచ్చినా, వాళ్ల ఎదురుగానే ఒక పనికిరాని టేపు మీద రాసి, చదివి చూసుకుని తీసుకో.

ఇంకో మాట. డ్రైవ్ వచ్చాక టేపు పెట్టే ముందు దాని మూల ఉన్న చిన్న రైట్-ప్రొటెక్ట్ మీటను తాళం గుర్తు వైపు జరుపు. కొత్త సర్వర్‌కి ఈ టేపుల సంగతి ఏమీ తెలియదు. పొరపాటున ఎవరైనా దాన్ని ఖాళీ టేపుల పూల్‌లోకి నెట్టితే ఆ రాత్రి జాబ్ వచ్చి దాని మీద రాసేస్తుంది. మీట జరిపి ఉంటే డ్రైవే ఒప్పుకోదు. ఇది ఒక్కో టేపుకీ చెయ్యి, వదలకు.


కొత్త_అడ్మిన్ | సోమవారం, ఉదయం 11:31

అన్నా, మధ్యలో అడుగుతున్నా. టేపు మీద నేరుగా ఎందుకు వెతకలేం? డిస్క్ మీద బ్యాకప్ ఉంటే మౌంట్ చేసి (మామూలు డ్రైవ్‌లా తెరిచి) ఫోల్డర్లన్నీ చూస్తున్నాం కదా?


టేప్‌లైబ్రరీ | సోమవారం, మధ్యాహ్నం 12:20

మంచి ప్రశ్న. ఇది అర్థమైతే మిగతా పనంతా దానంతటదే అర్థమవుతుంది.

వీఎం బ్యాకప్‌లో సాఫ్ట్‌వేర్ ఫైళ్లను ఎత్తుకోదు, వర్చువల్ డిస్కులోని బ్లాకులను ఎత్తుకుంటుంది. నీ ఎక్సెల్ షీటు ఆ డిస్కులో నాలుగైదు ముక్కలుగా ఉండొచ్చు. ఏ ముక్క ఎక్కడుందో ఆ విండోస్ వీఎం తాలూకు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) పట్టికకే తెలుసు. ఆ పట్టిక కూడా అదే డిస్కులో ఎక్కడో ఉంటుంది. వీటన్నిటినీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కుదించి, ఒకేలా ఉన్న బ్లాకులను ఒక్కసారే ఉంచి, ఒక పెద్ద ఫైలుగా కడుతుంది. టేపు మీదికి వెళ్లేది ఆ పెద్ద ఫైలు.

మౌంట్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ముందు పట్టిక చదువుతుంది, తర్వాత ఇంకెక్కడికో దూకుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఒక ఫోల్డర్ తెరిస్తేనే ఇలాంటి గెంతులు వందల్లో ఉంటాయి. డిస్కుకి అదొక లెక్క కాదు. టేపు సంగతి వేరు. ఎల్‌టీఓ-6 టేపు పొడవు 846 మీటర్లు. ఒక చివర నుంచి ఇంకో చివరకి చుట్టుకోవడానికే నిమిషం పైన పడుతుంది. అందుకే వీమ్ టేపు మీద ఫైళ్లను మౌంట్ చేయనివ్వదు. మొత్తం బ్యాకప్ ఫైలును ముందు డిస్కు మీదికి దింపుకోవాలి, ఆ తర్వాతే లోపలి ఫైళ్లు చూడగలం.

అంటే వెతుకులాటంతా టేపు ఎక్కించక ముందే అయిపోవాలి. ఏ నెల టేపు, ఏ వీఎం, ఏ ఫోల్డర్ అని తేల్చుకోవడం ఒక పని. దింపుకోవడం ఇంకో పని. రెండోది యంత్రం చేస్తుంది. మొదటిది మనమే చెయ్యాలి.


నెట్‌బ్యాకప్_బెంగళూరు | సోమవారం, మధ్యాహ్నం 1:05

ఒక చిన్న సవరణ, ఇది సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. నెట్‌బ్యాకప్‌లో వీఎంవేర్ పాలసీ పెట్టేటప్పుడు ఫైల్ రికవరీ ఆప్షన్ ఆన్ చేసి ఉంచితే, బ్యాకప్ సమయంలోనే వీఎం లోపలి ఫైళ్ల పేర్లు, అవి ఎక్కడున్నాయన్న వివరాలు క్యాటలాగ్‌లోకి (ఏ బ్యాకప్‌లో ఏముందో చెప్పే జాబితాలోకి) ఎక్కుతాయి. తర్వాత పేరుతో వెతికి, టేపు నుంచి ఒక్క ఫైలునే వెనక్కి తెచ్చుకోవచ్చు. కామ్‌వాల్ట్‌లో కూడా బ్యాకప్ అప్పుడు ఫైలు వివరాలు సేకరించమని చెప్పి ఉంటే పేర్లతో బ్రౌజ్ చెయ్యొచ్చు. చెప్పకుండా వదిలేస్తే టేపు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాం.

వీమ్‌లో కూడా గెస్ట్ ఫైల్ సిస్టమ్ ఇండెక్సింగ్ (వీఎం లోపలి ఫైళ్ల పేర్ల జాబితా కట్టడం) అని ఉంది కదా. అప్పట్లో అది ఆన్‌లో ఉండి, ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ (ఆ జాబితాలో వెతికే వీమ్ వెబ్ కన్సోల్) ఉన్న సర్వర్ బతికి ఉంటే పేరుతో వెతకొచ్చు.


విశాఖ_సర్వర్‌రూమ్ | సోమవారం, మధ్యాహ్నం 2:10

ఎల్‌టీఓ-8 విషయం చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అన్నా. ఇక్కడ ఎవరికీ ఆ సంగతి తెలియదు, సాయంత్రం టేపు పెట్టేసేవాళ్లం.

ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ వీఎం పాత డేటాస్టోర్‌లో (వీఎంల డిస్కులు ఉండే చోట) ఉంది, ఆన్ చేశాను, తెరుచుకుంది. కానీ ఫైల్స్ ట్యాబ్‌లో వెతికితే 2019 నాటివేమీ రావట్లేదు.


టేప్‌లైబ్రరీ | సోమవారం, మధ్యాహ్నం 2:25

రాదు. టేపు మీదికి వెళ్లిపోయిన బ్యాకప్‌ల ఇండెక్సును ఎన్ని నెలలు ఉంచాలన్నది అందులో ఒక సెట్టింగ్. డిఫాల్ట్‌గా మూడు నెలలే ఉంటుంది. టేపును ఎనిమిదేళ్లు దాచి, ఇండెక్సును మూడు నెలలకే పారేసే ఏర్పాటు నేను చాలా ఆఫీసుల్లో చూశాను. కొత్త సర్వర్‌లో ఆ అంకె ఇవాళే మార్చెయ్.


ఆడిట్_గుంటూరు | సోమవారం, మధ్యాహ్నం 3:40

నేను సిస్టమ్స్ మనిషిని కాదు, ఆడిట్ వైపు నుంచి చెబుతున్నాను. ఏ నెల టేపు తియ్యాలన్నది క్యాలెండర్ చూస్తే తేలిపోతుంది.

2018-19 లెక్కలు 2019 మార్చి 31తో ముగుస్తాయి. కానీ మార్చి నెలాఖరు టేపులో మీకు దొరికేది చిత్తు ప్రతే. షీటు అసలు రూపం తయారయ్యేది స్టాట్యుటరీ ఆడిట్ జరిగేటప్పుడు. కంపెనీల వార్షిక సర్వసభ్య సమావేశానికి గడువు సెప్టెంబరు 30. ఆ లోపు ఆడిటర్ సంతకం అయిపోవాలి. కాబట్టి 2019 సెప్టెంబరు నెలాఖరు టేపు ముందు తియ్యండి. ఆడిటర్ చూసి ఒప్పుకున్న షీటు అందులో ఉండే అవకాశం ఎక్కువ. అది కాకపోతే జీఎస్టీ వార్షిక రిటర్ను దాఖలు చేసిన నెల. 2018-19 రిటర్ను గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2020 డిసెంబరు 31 దాకా వచ్చింది కదా, మీవాళ్లు ఎప్పుడు వేశారో పోర్టల్‌లో తేదీ ఉంటుంది. ఆ నెలాఖరు టేపు రెండోది.

టేపుల జోలికి వెళ్లే ముందు ఇంకో పని చెయ్యండి. ఆ షీటును అప్పట్లో మీ ఆడిటర్‌కి మెయిల్లో పంపి ఉంటారు. ఆడిట్ ఆఫీసుల్లో వర్కింగ్ పేపర్లు ఏళ్ల తరబడి ఉంచుతాం. ఒక ఫోన్ చేసి అడగండి. రిటైరైన ఆయనకీ ఫోన్ చెయ్యండి. ఫైలుకి ఆయన ఏం పేరు పెట్టేవారో, ఏ ఫోల్డర్‌లో పెట్టేవారో ఆయనకి గుర్తుంటుంది. అకౌంట్స్ మనుషులు ఫైళ్లకి పేర్లు పెట్టే పద్ధతి ఏళ్ల తరబడి మార్చరు.


విశాఖ_సర్వర్‌రూమ్ | సోమవారం, సాయంత్రం 5:55

మేడం, మీ మాట బంగారం. ఆయనకి ఫోన్ చేశాను. ఫోల్డర్ పేరు, సబ్‌ఫోల్డర్ పేరు, ఫైలు పేరు చివర ఆయన "ఫైనల్ సైన్డ్" అని రాసేవారన్న సంగతి, అన్నీ చెప్పారు. ఆడిటర్ ఆఫీసులో పీడీఎఫ్ ప్రింటు మాత్రమే ఉంది. మా వకీలు గారికి ఫార్ములాలతో ఉన్న అసలు ఎక్సెల్, దాని మార్పు తేదీతో సహా కావాలట. కాబట్టి టేపు తియ్యక తప్పదు.

అద్దె డ్రైవ్ దొరికింది, హైదరాబాద్ నుంచి రేపు వస్తుంది. ఎల్‌టీఓ-6, బయట పెట్టుకుని ఎస్‌ఏఎస్ కేబుల్‌తో తగిలించే మోడల్.


టేప్‌లైబ్రరీ | సోమవారం, రాత్రి 8:30

రేపటికి సిద్ధం చేసుకోవాల్సినవి చెబుతాను, రాసుకో.

కేబుల్: పాత ఎస్‌ఏఎస్ డ్రైవ్ వెనక ఎస్ఎఫ్ఎఫ్-8088 సాకెట్ ఉంటుంది. ఇప్పటి కార్డుల వెనక 8644 ఉంటుంది. ఒక చివర 8644, ఇంకో చివర 8088 ఉన్న కేబుల్ కావాలి. డ్రైవ్ వచ్చాక కేబుల్ లేదని ఆగిపోవడం మా దగ్గర మామూలుగా జరిగేదే. ఈ రాత్రే ఫోన్ చేసి దాంతో పాటే పంపమని చెప్పు.

కార్డు: రెయిడ్ కంట్రోలర్‌కి టేపు డ్రైవ్ తగిలించకు. మామూలు హెచ్‌బీఏ (డ్రైవ్‌ని నేరుగా సర్వర్‌కి కలిపే కార్డు) ఉండాలి. అలాగే దాన్ని వీఎంకి పాస్‌త్రూ ఇచ్చే ప్రయోగాలు వద్దు. ఒక ఫిజికల్ విండోస్ సర్వర్‌కి తగిలించి, దాన్ని వీమ్‌లో టేప్ సర్వర్‌గా చేర్చు.

జాగా: ఫుల్ బ్యాకప్ సైజు ఎంత? లేబుల్ మీద రాసి ఉంటే చెప్పు.


విశాఖ_సర్వర్‌రూమ్ | సోమవారం, రాత్రి 8:52

సెప్టెంబరు సెట్‌లో రెండు టేపులున్నాయి. రిజిస్టర్లో 4.2 టీబీ అని ఉంది. మా రిపాజిటరీలో (బ్యాకప్‌లు దాచే డిస్కులో) ఖాళీ 3 టీబీయే.


టేప్‌లైబ్రరీ | సోమవారం, రాత్రి 9:20

ఎల్‌టీఓ-6 టేపులో అసలు పట్టేది 2.5 టీబీ. డబ్బా మీద 6.25 అని పెద్దక్షరాలతో ఉంటుంది, అది కంప్రెషన్‌తో. వీమ్ ముందే కుదించి పంపుతుంది కాబట్టి డ్రైవ్ ఇంకా కుదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే రెండు టేపులయ్యాయి. 14 వీఎంలూ ఒకే బ్యాకప్ ఫైల్లో ఉండి, అది రెండు టేపుల మీదా పరుచుకుని ఉంటుంది. రెండూ కావాలి.

సమయం లెక్క వేసుకో. ఎల్‌టీఓ-6 వేగం సెకనుకి 160 ఎంబీ. 4.2 టీబీ అంటే ఆపకుండా చదివినా ఏడు గంటల పైచిలుకు. అదీ అవతల డిస్కు అంతే వేగంతో రాయగలిగితేనే. నెమ్మదిగా ఉండే నాస్ (నెట్‌వర్క్ డిస్కు) మీదికి దింపితే టేపు ఆగి, కొంచెం వెనక్కి వెళ్లి, మళ్లీ బయల్దేరుతుంది. అలా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటే సమయమూ పోతుంది, టేపూ అరుగుతుంది.

జాగా లేకపోతే రెండో దారి ఉంది. వీమ్‌లో టేపు నుంచి ఒక్క వీఎంనే నేరుగా వీఎంవేర్ మీదికి రిస్టోర్ చెయ్యొచ్చు, అప్పుడు ఆ వీఎం డిస్కులకి సరిపడా డేటాస్టోర్ ఉంటే చాలు. కానీ నా సలహా, 8 టీబీ డిస్కు ఒకటి కొని సర్వర్‌లో వేసి మొత్తం బ్యాకప్ దింపుకో. సెప్టెంబరు సెట్‌లో ఫైలు దొరక్కపోతే రెండో నెలకి కూడా అదే డిస్కు పనికొస్తుంది.


లైనక్స్_బెజవాడ | సోమవారం, రాత్రి 10:05

వీఎం రిస్టోర్ దారిలో వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ పాత వీఎంను నెట్‌వర్క్ తగిలించి ఆన్ చెయ్యొద్దు. అదే పేరు, అదే ఐపీతో ఇప్పటి సర్వర్ నడుస్తూ ఉంటుంది, రెండూ కొట్టుకుంటాయి. ఆన్ చెయ్యాల్సిన అవసరమే లేదు. దాని డేటా డిస్కును ఇంకో విండోస్ వీఎంకి రెండో డిస్కుగా తగిలించండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తే ఆన్‌లైన్ చేసుకుని ఫైలు తీసుకోండి.

ఇక నాకెప్పటినుంచో ఉన్న అభిప్రాయం. ఫైల్ సర్వర్‌కి ఇమేజ్ బ్యాకప్ (డిస్కు మొత్తాన్ని బ్లాకులుగా తీసేది) ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. మేం మా ఫైల్ సర్వర్‌ని బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ఫైలు లెక్కన టేపుకి పంపుతాం. క్యాటలాగ్ పోయినా బీస్కాన్‌తో టేపు చదివించి క్యాటలాగ్ మళ్లీ కట్టుకోవచ్చు. బీఎల్‌ఎస్ కొడితే టేపు మీద ఉన్న ఫైళ్ల పేర్లు వరసగా వస్తాయి. బీఎక్స్‌ట్రాక్ట్‌తో కావలసిన ఒక్క ఫైలు బయటికి వస్తుంది. మధ్యలో 4 టీబీ దింపుకునే బాధ ఉండదు.


నెట్‌బ్యాకప్_బెంగళూరు | సోమవారం, రాత్రి 10:31

ఒప్పుకుంటాను, కానీ సర్వర్ మొత్తం పోయిన రోజున ఇమేజే ఆదుకుంటుంది. ఫైళ్లన్నీ ఉన్నా అనుమతులు, షేర్లు, సెట్టింగులు మళ్లీ కట్టుకోవడానికి ఎంత పడుతుందో చేసినవాళ్లకే తెలుసు. పైగా చిన్నచిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్న సర్వర్‌ని ఫైలు లెక్కన చదివితే టేపు డ్రైవ్‌కి సరిపడా వేగంతో డేటా అందదు.


లైనక్స్_బెజవాడ | సోమవారం, రాత్రి 10:44

అందుకే ముందు డిస్కు మీదికి, అక్కడినుంచి టేపుకి. నేను ఇమేజ్ వద్దనట్లేదు. నెలకోసారి టేపుకి వెళ్లే దాంట్లో ఫైళ్ల లెక్కన ఒకటి, ఇమేజ్ ఒకటి, రెండూ ఉండాలంటున్నాను. టేపు ఖరీదు ఎంతని?


డల్లాస్_స్టోరేజ్ | మంగళవారం, ఉదయం 7:12

ఇక్కడ మా పాత టీమ్‌లో కొందరు "ఇంకా టేపులేంటి, అంతా క్లౌడ్‌లో పడేస్తే పోలా" అనేవాళ్లు. వాళ్లకి నేను 2011 ఫిబ్రవరి జీమెయిల్ సంగతి చెప్పేవాణ్ని. ఒక సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల కొంతమంది ఖాతాల్లో మెయిళ్లు మాయమయ్యాయి. వాడేవాళ్లలో సుమారు 0.02 శాతం మంది. గూగుల్ దగ్గర డేటా పలు డేటా సెంటర్లలో నకళ్లుగా ఉంటుంది కదా, ఆ బగ్ నకళ్లని కూడా తుడిచేసింది. చివరికి ఆ మెయిళ్లు టేపుల నుంచే వెనక్కి వచ్చాయి. టేపు ఆన్‌లైన్‌లో ఉండదు కాబట్టి అలాంటి బగ్‌లు దాన్ని తాకలేవని, అయితే దాన్నుంచి తేవడానికి ఎక్కువ సమయం పడుతుందని వాళ్లే అప్పుడు రాశారు.

రాన్సమ్‌వేర్‌కీ అదే వర్తిస్తుంది. బీరువాలో ఉన్న టేపును ఎవడూ నెట్‌వర్క్ నుంచి ఎన్‌క్రిప్ట్ చెయ్యలేడు. విశాఖ తమ్ముడికి ఆరేళ్ల కిందటి ఫైలు మీద ఇవాళ ఆశ ఉందంటే ఆ బీరువా వల్లే.

ఒక ప్రశ్న. ఆ టేపులకి ఎన్‌క్రిప్షన్ ఉందా? ఉంటే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? పాత సర్వర్ డేటాబేస్ పోయిందన్నారు కాబట్టి అడుగుతున్నాను.


విశాఖ_సర్వర్‌రూమ్ | మంగళవారం, ఉదయం 9:30

ఉందన్నా. పాస్‌వర్డ్ సీల్ చేసిన కవరులో ఎండీ గారి లాకర్‌లో ఉంది. మా పాత సార్ పెట్టించారట. కవరు మీద ఏ నెల నుంచి ఏ నెల వరకు ఆ పాస్‌వర్డ్ వాడారో కూడా రాసి ఉంది. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలి.


డల్లాస్_స్టోరేజ్ | మంగళవారం, ఉదయం 9:41

ఆ కవరు లేకపోతే ఈ చర్చ ఇక్కడితో ముగిసిపోయేది. ఏఈఎస్-256ని ఎవరూ విప్పలేరు.


టేప్‌లైబ్రరీ | మంగళవారం, ఉదయం 10:15

మీరు సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి ఇంకొకటి. టేపులు దాచే గది 16 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మీ బీరువా ఏసీ గదిలో లేకపోతే టేపులను ఇవాళే సర్వర్ రూమ్‌లోకి తెచ్చి ఒక రోజు అలాగే పెట్టండి. వేడిగా, తేమగా ఉన్న చోటు నుంచి తెచ్చి వెంటనే చల్లటి డ్రైవ్‌లో దోపకూడదు. ఎంత తొందరున్నా ఈ ఒక్క రోజు ఆగండి.

తర్వాత క్రమం ఇది. ముందు ఇన్వెంటరీ. అది బార్‌కోడు, టేపు హెడరు మాత్రమే చూస్తుంది. తర్వాత క్యాటలాగ్. టేపు మీద ఏ బ్యాకప్ ఉందో, అందులో ఏ వీఎంలు ఉన్నాయో చదివి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించేది అదే. సెట్‌లోని రెండు టేపులకీ చెయ్యాలి. పాస్‌వర్డ్ ఇవ్వాల్సింది కూడా ఈ దశలోనే. అది అయ్యాక టేప్ అనే శాఖ కింద పాత బ్యాకప్ కనబడుతుంది. దాని మీద బ్యాకప్‌ను రిపాజిటరీకి రిస్టోర్ చెయ్యి అని ఇవ్వు.


కొత్త_అడ్మిన్ | మంగళవారం, ఉదయం 10:50

ఈ థ్రెడ్ మొత్తం సేవ్ చేసుకుంటున్నా. మా దగ్గర కూడా ఎల్‌టీఓ-5 టేపులు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి, వాటిని చదివే డ్రైవ్ ఉందో లేదో ఇవాళే చూస్తాను.


విశాఖ_సర్వర్‌రూమ్ | గురువారం, ఉదయం 8:20

ఇప్పటిదాకా జరిగింది. డ్రైవ్ తగిలించాం. క్యాటలాగ్ అయింది, పాస్‌వర్డ్ తీసుకుంది, 14 వీఎంల పేర్లూ కనబడ్డాయి. నిన్న సాయంత్రం రిస్టోర్ మొదలుపెట్టాం. మొదటి టేపు సాఫీగా వచ్చింది. రెండో టేపు మధ్యలో వేగం పడిపోయి, చివరికి రీడ్ ఎర్రర్‌తో ఆగిపోయింది. డ్రైవ్ మీద నారింజ రంగు లైటు వెలుగుతోంది. టేపు పాడైపోయిందా?


టేప్‌లైబ్రరీ | గురువారం, ఉదయం 8:34

కంగారు పడకు. ఆ లైటు క్లీనింగ్ లైటేనా చూడు. అద్దె డ్రైవ్ ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో, హెడ్ మురికై ఉంటుంది. క్లీనింగ్ కార్ట్రిడ్జ్ వెయ్యి. దాన్ని సుమారు 50 సార్లు మాత్రమే వాడాలి, ఎన్నిసార్లు వాడారో దాని మీదే గీతలు గీసి ఉంటాయి చూసుకో. క్లీనింగ్ అయ్యాక అదే టేపు మళ్లీ పెట్టు. ఇంకా ఎర్రర్ వస్తే ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించాలి తప్ప అదే డ్రైవ్‌లో మళ్లీ మళ్లీ తిప్పొద్దు.


విశాఖ_సర్వర్‌రూమ్ | గురువారం, సాయంత్రం 6:40

క్లీనింగ్ తర్వాత రెండో టేపు పూర్తిగా చదివింది! బ్యాకప్ డిస్కు మీదికి వచ్చేసింది. గెస్ట్ ఫైల్స్ రిస్టోర్ తెరిచాను, ఫోల్డర్ కనబడింది, రిటైరైన సార్ చెప్పిన పేరుతోనే ఫైలు ఉంది, మార్పు తేదీ 2019 సెప్టెంబరు. ప్రాణం లేచొచ్చింది.

కానీ కాపీ చేస్తే ఎర్రర్. పేరు కనిపిస్తోంది, సైజు కనిపిస్తోంది, ఫైలు మాత్రం రావట్లేదు. పక్కనున్న చిన్న టెక్స్ట్ ఫైళ్లు వస్తున్నాయి. పెద్ద ఫైళ్లన్నీ ఇంతే. ఏం చెయ్యాలి?


లైనక్స్_బెజవాడ | గురువారం, సాయంత్రం 6:58

బ్యాకప్ సగం పాడైందేమో, వీఎం మొత్తం రిస్టోర్ చేసి చూడండి.


నెట్‌బ్యాకప్_బెంగళూరు | గురువారం, సాయంత్రం 7:10

ఆగండి, ఆ అవసరం రాకపోవచ్చు. చిన్నవి వచ్చి పెద్దవి రాకపోవడమే గుర్తు. ఆ పాత ఫైల్ సర్వర్ డేటా డ్రైవ్ మీద విండోస్ డేటా డీడూప్లికేషన్ ఆన్ చేసి ఉంటారు. విండోస్ 32 కేబీ కన్నా చిన్న ఫైళ్లను ముట్టుకోదు, మిగతావాటి అసలు సరుకును తీసి సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్లో దాచి, ఫైలు ఉన్న చోట గుర్తు మాత్రం వదులుతుంది. ఆ గుర్తును చదవాలంటే మౌంట్ చేసిన సర్వర్‌లో కూడా డేటా డీడూప్లికేషన్ ఫీచర్ ఉండాలి.

మీ మౌంట్ సర్వర్ మీద సర్వర్ మేనేజర్‌లో ఆ రోల్ చేర్చండి. ఆ సర్వర్ విండోస్ వెర్షన్ పాత ఫైల్ సర్వర్‌ది గానీ, అంతకన్నా కొత్తది గానీ అయి ఉండాలి. మౌంట్ మూసేసి మళ్లీ తెరవండి.


విశాఖ_సర్వర్‌రూమ్ | గురువారం, రాత్రి 8:05

వచ్చింది!!! షీటు తెరుచుకుంది, ఫార్ములాలన్నీ ఉన్నాయి. ఏం చెప్పాలో తెలియట్లేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.


ఆడిట్_గుంటూరు | గురువారం, రాత్రి 8:30

చాలా సంతోషం. ఇప్పుడు ఆ ఫైలును తెరిచి సేవ్ చెయ్యొద్దు, మార్పు తేదీ మారిపోతుంది. చూడటానికి వేరే కాపీ తీసుకోండి. అసలుది రీడ్-ఓన్లీగా పెట్టండి. మీ ఐటీ వైపు నుంచి ఒక చిన్న నోట్ రాయండి: ఏ టేపు నంబరు, ఏ తేదీ బ్యాకప్, ఎవరి ఎదుట తీశారు. వకీలు గారు అడుగుతారు.

ఆ టేపులను కూడా ఇప్పుడే తుడవొద్దు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులుండాలి. మీ లెక్కలో అది 2026 డిసెంబరు 31. అప్పీలు అప్పటికీ నడుస్తూ ఉంటే, అది తేలిన తర్వాత ఇంకో ఏడాది దాకా. కంపెనీల చట్టం లెక్కన ఖాతా పుస్తకాలకి ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు.


లైనక్స్_బెజవాడ | గురువారం, రాత్రి 8:47

నోట్‌లో ఆ ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్‌తో వస్తుంది. రేపు ఎవరైనా ఫైలు మార్చారంటే అదే సమాధానం చెబుతుంది. ఇంకో చోటికి కాపీ చేసేటప్పుడు రోబోకాపీ వాడండి, తేదీలు చెదరవు.


విశాఖ_సర్వర్‌రూమ్ | శుక్రవారం, ఉదయం 11:20

రెండూ చేశాం, వకీలు గారికి పంపాం. మేనేజ్‌మెంట్ ఇప్పుడు రెండు విషయాలు అడుగుతోంది. ఒకటి, ఈ ఎల్‌టీఓ-6 టేపులన్నీ ఏం చెయ్యాలి? అద్దె డ్రైవ్ ఇంకొన్నాళ్లు ఉంచుకోవచ్చు. రెండు, మళ్లీ ఇలా వెతుక్కోకుండా ఏం చెయ్యాలి?


టేప్‌లైబ్రరీ | శుక్రవారం, మధ్యాహ్నం 12:45

మొదటిది. డ్రైవ్ ఉన్నప్పుడే కొత్త టేపుల మీదికి ఎక్కించెయ్. అన్ని నెలలూ అక్కర్లేదు. ఒక్కో ఆర్థిక సంవత్సరానికి మార్చి నెలాఖరు, సెప్టెంబరు నెలాఖరు, మేడం చెప్పినట్టు వార్షిక రిటర్ను వేసిన నెల. వీటిని డిస్కు మీదికి దింపి, ఎల్‌టీఓ-8 మీదికి రెండు కాపీలు రాసి, ఒకటి వేరే ఊళ్లో మీ బ్రాంచిలో పెట్టు. ఎల్‌టీఓ-8లో ఒక్కో దాంట్లో 12 టీబీ పడుతుంది కాబట్టి మీ మొత్తం సరుకు గుప్పెడు టేపుల్లో ఇమిడిపోతుంది. కొత్త పాస్‌వర్డూ కవరులోకి, లాకర్లోకి వెళ్లాలి. పాత టేపులు అప్పీలు తేలేదాకా బీరువాలోనే ఉండనీ.

రెండోది. వీఎంకి ఒక బ్యాకప్ ఫైలు వచ్చేలా రిపాజిటరీ సెట్టింగ్ మార్చు. అప్పుడు ఫైల్ సర్వర్ కోసం 14 వీఎంలనీ దింపక్కర్లేదు. ఫైల్ సర్వర్‌కి ఇండెక్సింగ్ ఆన్ చేసి, ఇండెక్సు ఉంచే గడువును టేపు గడువుతో సమానం చెయ్యి.


లైనక్స్_బెజవాడ | శుక్రవారం, మధ్యాహ్నం 1:10

దానికి తోడు నాదొక మోటు పద్ధతి. ఇది ఏ సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడదు. నెలాఖరు బ్యాకప్‌కి ముందు పవర్‌షెల్‌తో ఫైల్ సర్వర్‌లో ఉన్న ప్రతి ఫైలు దారి, సైజు, మార్పు తేదీ ఒక సీఎస్‌వీలోకి రాయించండి. పది లక్షల ఫైళ్లున్నా జాబితా 150 ఎంబీ అటూఇటూ వస్తుంది, జిప్ చేస్తే ఇంకా చాలా తగ్గుతుంది. జాబితా పేరులోనే ఆ నెల టేపుల బార్‌కోడ్ నంబర్లు పెట్టండి. ఒక కాపీ మెయిల్లో, ఒక కాపీ వేరే సర్వర్‌లో. బ్యాకప్ సర్వర్ మారినా, కంపెనీయే సాఫ్ట్‌వేర్ మార్చినా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెతికితే ఏ టేపు తియ్యాలో తెలిసిపోతుంది.


నెట్‌బ్యాకప్_బెంగళూరు | శుక్రవారం, మధ్యాహ్నం 1:22

ఇది మేం కూడా పెట్టుకుంటున్నాం. ఎన్ని క్యాటలాగ్‌లున్నా ఇలాంటి మామూలు జాబితా ఒకటి పక్కన ఉండాల్సిందే.


కొత్త_అడ్మిన్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:00

అన్నా, ఆ పవర్‌షెల్ లైను ఇక్కడ పెడతారా? మా ఫైల్ సర్వర్‌లో దారి పేర్లు 260 అక్షరాలు దాటినవి ఉన్నాయి, మామూలు డైరెక్టరీ లిస్టింగ్ మధ్యలో ఆగిపోతోంది.


లైనక్స్_బెజవాడ | శుక్రవారం, మధ్యాహ్నం 2:35

అలాంటి చోట పవర్‌షెల్ వదిలేసి రోబోకాపీనే జాబితా మోడ్‌లో నడుపు, పొడవైన దారులకి అది ఆగదు. కాపీ చెయ్యకుండా పేర్లు మాత్రమే రాసే స్విచ్ ఉంది, దానికి పూర్తి దారి, టైమ్‌స్టాంపు, సైజు బైట్లలో చూపే స్విచ్‌లు కలిపి లాగ్ ఫైల్లోకి పంపాలి. లాగ్‌ను యూనికోడ్‌లో రాయించు, లేకపోతే తెలుగు పేర్లున్న ఫైళ్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. పూర్తి లైను ఇంటికెళ్లాక మా సర్వర్‌లో నడిపి చూసి, రాత్రికి కొత్త థ్రెడ్‌లో పెడతాను.